దండెం మీది ఆదులు

ఆది అంటే పాత జాకెట్టు. కొత్తది కుట్టించుకోవాలనుకున్న మనిషి, తన ఒంటికి సరిగ్గా పట్టిన పాతదాన్ని తెచ్చి దర్జీ చేతిలో పెడుతుంది. దాన్ని కొత్త గుడ్డ మీద పరిచి, చుట్టూ సుద్దతో గీసి, కత్తిరించి కుట్టేయడమే. మనిషి నిలబడే పని లేదు, టేపుతో పని లేదు. దొరవారిసత్రం దగ్గర మా పాలెంలో నేను కుట్టిన జాకెట్లన్నీ అలా ఆదిని చూసి కుట్టినవే. కొత్తది తీసుకుపోయేవాళ్లు పాతదాన్ని మాత్రం నా దగ్గరే వదిలేసేవాళ్లు. "ఉండనీలేమ్మా, మళ్లీ పండక్కి మోసుకురావాల్నా ఏంది?" అనేవాళ్లు. మా ముందుగదిలో ఈ గోడ నుంచి ఆ గోడకు కట్టిన దండెం మీద పాలెం ఆడవాళ్లందరి ఆదులూ వేలాడుతుండేవి. తల వంచుకోకుండా ఆ గది దాటడం ఎవరికీ కుదిరేది కాదు.

నా పెళ్లి పందొమ్మిదివందల యాభైల చివర్లో అయింది. అంతకుముందు నెల్లూరులో బోర్డింగు బడిలో చదువుకున్నాను. అక్కడ మాకు కుట్టుపని నేర్పిన టీచరమ్మ మహా ఖచ్చితమైన మనిషి. మనిషిని ఎదురుగా నిలబెట్టి, టేపుతో కొలతలు తీసి, కాగితం మీద గీసి, ఆ కాగితాన్ని బట్టి గుడ్డ కత్తిరించడం నేర్పింది. అందులో నాకు మంచి పేరే ఉండేది. కాపురానికి వచ్చేటప్పుడు మా నాన్న చేత్తో తిప్పే మిషను ఒకటి కొనిచ్చాడు. మా ఆయన చిట్టమూరు వైపు ఒక ఊళ్లో బడిపంతులు. పొద్దున్నే సైకిలెక్కి పోతే సాయంత్రం దాకా వచ్చేవాడు కాదు. ఇంట్లో నేనూ మా అత్తా ఉండేవాళ్లం. తర్వాత నా కూతురు పుట్టింది.

వ్యాపారం పెడదామని ఎవరం అనుకోలేదు. పక్కింటావిడ ఒకరోజు చిరిగిన రవిక తెచ్చి, "నీకాడ మిషనుండాది గదమ్మా, రెండు కుట్లెయ్యి" అంది. వేశాను. మర్నాడు కూతురి జాకెట్టు గుడ్డ తెచ్చింది. పెద్దవాళ్లు ముందువైపు ముడేసుకునే రవికలే తొడుక్కుంటున్నా, పడుచువాళ్లు హుక్కుల జాకెట్లకు మళ్లుతున్న రోజులవి. సూళ్లూరుపేటలో మగదర్జీ దగ్గరికి పోవడం వాళ్లకు సిగ్గు. నేనైతే ఆడదాన్ని, పైగా ఇంట్లోనే ఉంటాను. చూస్తుండగానే గుడ్డలు వచ్చి పడ్డాయి. మొదట్లో నాకూ సంతోషంగానే ఉండేది, కాదనను. ఆదివారం మా ఏసయ్య గుడికి పోతే ముందు వరసలో కూర్చున్న వీపులన్నీ నేను కుట్టినవే. ప్రార్థనలో కళ్లు మూసుకోవాల్సింది పోయి, ఎవరి భుజం దగ్గర గుడ్డ ముడతపడిందా అని చూస్తుండేదాన్ని.

మా అత్త సంగతి చెప్పాలి. నేను రాకముందు ఆవిడ పలకరించే దిక్కులేక అరుగు మీద ఒంటరిగా కూర్చునేదట. ఇప్పుడు ఆ అరుగు ఖాళీగా ఉండేదే కాదు. గుడ్డ ఇవ్వడానికొచ్చినవాళ్లు, తీసుకోవడానికొచ్చినవాళ్లు, ఊరికే చూసిపోదామని వచ్చినవాళ్లు అందరూ ముందు ఆవిడ దగ్గర కూర్చుని, తమలపాకు నమిలి, ఊళ్లో విషయాలు చెప్పి గాని కదిలేవాళ్లు కాదు. ఆవిడకు చెడ్డ మనసు లేదు. మాటివ్వడమంటే మాత్రం మహా ఇష్టం. ఎవరడిగినా, "రేపు తీసకపోమ్మే, రేపటికి అయిపోతాది" అనేది. లోపల కూర్చుని ఆ "రేపు" విన్నప్పుడల్లా నా ఒళ్లు మండిపోయేది. ఆవిడ ఇచ్చిన మాటలన్నీ నేను కుట్టాలి. ఒకసారి ఉండబట్టలేక, "అత్తా, ఒక్కసారన్నా ఎల్లుండి అని చెప్పకూడదా?" అన్నాను. "నువ్వేమన్నా పొలానికి పోతుండావా, పుట్రకు పోతుండావా? ఇంట్లోనే గదా కూర్చోనుండేది" అంది. వెక్కిరించడానికి అన్నమాట కాదది. ఆవిడ నిజంగా అలాగే అనుకునేది.

పాలెమంతా అలాగే అనుకునేది. ఇంట్లోనే గదా అని అన్నం వేళకు వచ్చేవాళ్లు. కంచం ముందు కూర్చున్నదాన్ని లేచి చెయ్యి కడుక్కుని హుక్కు కుట్టివ్వాలి. ఇంట్లోనే గదా అని, జ్వరంతో దుప్పటి కప్పుకుని పడుకున్నప్పుడు కూడా వచ్చి, "పడుకోమ్మా, పడుకో. నాది అయిందో లేదో చెప్పి పడుకో" అనేవాళ్లు. వెనక దొడ్లోకి పోయినా తలుపు దగ్గర నిలబడి పిలిచేవాళ్లు. బజారులో కొట్టు పెట్టినవాడు చీకటిపడితే తలుపు చెక్కలు వేసుకుని ఇంటికి పోతాడు. నాకు ఇల్లే కొట్టయ్యాక ఇక పోవడానికి ఇల్లేది? అన్నంలో దారపు ముక్కలు వచ్చేవి. నా కూతురు గుడ్డపీలికల మధ్యే పాకింది, గుండీల డబ్బా ఆడిస్తేనే నిద్రపోయేది. పులికాటు సరస్సు మీదుగా వచ్చే ఉప్పుగాలికి సూదులు తుప్పు పట్టేవి. తెల్లగుడ్డ మీద తుప్పు మచ్చ పడితే, ఆ మచ్చ పోయేదాకా నిమ్మకాయతో రుద్దే పని కూడా నాదే.

ఊళ్లోని పెద్ద ఇళ్ల ఆడవాళ్లు కూడా నా చేత కుట్టించుకునేవాళ్లు. వాళ్లు మాత్రం పాలెంలోకి వచ్చేవాళ్లు కాదు. పనిమనిషి చేత ఆదీ గుడ్డా పంపేవాళ్లు. ఆమె వాటిని అరుగు చివర పెట్టి, దూరంగా నిలబడి కేకేసేది. ఉతికి, ఎండబెట్టి, మడత పెట్టి పంపిన ఆదులవి. ఆ మనుషుల్ని నేను ఎప్పుడూ దగ్గరగా చూడలేదు, వాళ్ల చంకలో కుట్టు ఎక్కడ పిగులుతుందో మాత్రం తెలుసు. నా చెయ్యి తగలకుండా నా చేతిపని తొడుక్కోవడానికి ఆది వాళ్లకు బాగా పనికొచ్చింది. అది తలుచుకుంటే నాకిప్పటికీ కోపం వస్తుంది.

ఆదులతో ఇంకో తంటా. ఎవరూ ఇప్పటి ఒంటికి సరిపోయేది తెచ్చేవాళ్లు కాదు. ముగ్గురు బిడ్డల తల్లి పెళ్లినాటి జాకెట్టు తెచ్చి, "ఇట్టాగే కుట్టు, రవ్వంత వదులుంటే చాలు" అనేది. రవ్వంత అంటే ఎంతో ఆమె మొహం చూసి నేను కనిపెట్టాలి. "ఒక వేలు పొడుగు, రెండు వేళ్లు వదులు" అని వేళ్ల మీదే లెక్క. లోపల కుట్లలో గుడ్డ దాచి, ఆదికంటే వెడల్పుగా కుట్టిచ్చేదాన్ని. తొడుక్కుని మురిసిపోయి, "చూసినావా, అప్పుడెట్టా ఉండానో ఇప్పుడూ అట్టానే ఉండాను" అని మా అత్త ముందు తిరిగి చూపించేది. మా అత్త తలాడించేది. ఆమె పోయాక నా వంక చూసి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వేది. ఆ కాస్త నవ్వులోనే మేమిద్దరం ఒకటయ్యేవాళ్లం.

క్రిస్మస్ వస్తే తల ప్రాణం తోకకొచ్చేది. పాలెంలో ఆ పండక్కి కొత్త జాకెట్టు లేని ఆడది ఉండదు. గుడి గంట కొట్టేదాకా హుక్కులు కుడుతూనే ఉండేదాన్ని. ఆఖరి జాకెట్టు తీసుకున్నామె దాన్ని తొడుక్కుని పరిగెత్తేసరికి గుళ్లో పాట మొదలయ్యేది. నా కోసం తెచ్చుకున్న గుడ్డ మడత విప్పకుండానే పెట్టెలో ఉండేది. రెండో ఏడూ అలాగే అయింది, మూడో ఏడూ అంతే. మూడోసారి ఆ పాట వింటూ, మిషను మీద తల పెట్టుకుని ఏడ్చాను. నాకు నగలు వద్దు, చీరలు వద్దు. పొద్దున ఈ గడప దాటి పోవాలి, సాయంత్రం తిరిగి రావాలి, మా ఆయన పోయొచ్చినట్టు. నాకు కావలసింది అదొక్కటే.

అలాంటప్పుడు మా పాస్టరుగారి భార్య, మేమందరం అమ్మగారని పిలిచే ఆవిడ, ఒక మాట చెవిన వేసింది. గూడూరులో ఒక ఆడపిల్లల బడిలో కుట్టు టీచరు కావాలట. బోర్డింగులో చదివినదాన్ని కాబట్టి నన్ను పిలుస్తారట. పొద్దున పాసింజరుకు పోయి సాయంత్రం పాసింజరుకు రావచ్చు. ఆవిడ చెబుతుంటే నా చేతిలో కత్తెర ఆగిపోయింది. రైలుపెట్టెలో కిటికీ పక్కన కూర్చుని పోతున్నట్టు అప్పుడే కళ్లకు కట్టింది.

ఆ సాయంత్రం మా ఆయనతో చెప్పాను. ఆయన నెమ్మదస్తుడు. ఏదీ కాదనడు, ఔననడు. "అమ్మనడుగు" అన్నాడు. మా అత్త వింటూనే ఉంది.

"పాపను నేను సూసుకుంటాలే. ఈ ఆదుల్ని ఎవురు సూస్తారు?" అంది.

"ఎవరివి వాళ్లకు ఇచ్చేస్తే పోలా అత్తా?"

"ఇచ్చేస్తే మళ్లా ఎవురొస్తారే మనింటికి?" అంది. ఆ మాట అనేసి తనే కంగారుపడి, పాపను ఎత్తుకుని బయటికి పోయింది. అరుగు మీద మళ్లీ ఒంటరిగా కూర్చోవాల్సి వస్తుందన్న భయం ఆవిడది. అది అర్థమై జాలేసింది. ఆ జాలి కోసం ఈ గదిలోనే ఉండిపోవాలా అని వెంటనే కోపమూ వచ్చింది. చివరికి అమ్మగారు వచ్చి, ముందు ఒకసారి పోయి బడివాళ్లకు కనబడి రావాలి గదా అని నచ్చచెబితే, "పోయిరానీ, ఒక్కరోజే గదా" అని ఒప్పుకుంది.

ఒక్క సంగతి నన్ను భయపెట్టింది. బడిలో పిల్లలకు నేర్పాలంటే టేపు పట్టాలి. టేపు నా పెట్టె అడుగున ఉంది గాని, పెళ్లయ్యాక దాన్ని మనిషి మీద పెట్టింది లేదు. మా పాలెంలో ఎవరూ పెట్టనివ్వరు. ఎందుకో మొదటి నెలలోనే తెలిసింది. ఒక ముసలామెకు కొలత తీయబోతే గుండెలు బాదుకుంది. మనిషి పోయినప్పుడు వడ్రంగి వచ్చి, పూడ్చే పెట్టె చేయడానికి తాడుతో కొలత తీసుకుంటాడు. బతికున్న మనిషికి కొలత పెడితే అపశకునమట. అప్పట్నుంచి ఆదులతోనే సరిపెట్టుకున్నాను.

ఇప్పుడు చెయ్యి సాధన చేసుకోవడానికి ఒక మనిషి కావాలి. మా అత్తను బతిమాలాను. "ఏమ్మే, బతికుండేదానికి కొలతలేందే? అంత తొందరగా పెట్టె చేయించాల్నా నాకు?" అని దూరంగా జరిగింది. పక్కింటావిడ, "నా ఆది నీకాడే ఉండాదిగా" అంటూ గుమ్మం దిగింది. ఆఖరికి మా ఆయన చొక్కా విప్పి, చేతులు చాచి నిలబడ్డాడు. చక్కిలిగింతలు పుట్టి మెలికలు తిరుగుతుంటే నాకూ నవ్వు ఆగలేదు. అంతలో మా అత్త లోపలికొచ్చి చూసింది. "అబ్బయా! నాకుండేది నువ్వొక్కడివేరా" అని ఒకటే కేక. ఆయన చేతులు దించేసి, చొక్కా తగిలించుకుని బయటికి పోయాడు. ఇక చేసేదిలేక దిండుకు కొలతలు తీశాను, గుంజకు తీశాను. వాటికి భుజాలు లేవు.

గూడూరుకు అమ్మగారే వెంట తీసుకుపోయింది. బడి పెద్దది, గదులన్నిటికీ తలుపులున్నాయి. గంట కొట్టగానే టీచర్లు పుస్తకాలు చంకన పెట్టుకుని బయటికి నడిచిపోతుంటే, వాళ్లనే చూస్తూ నిలబడ్డాను. పెద్ద టీచరమ్మ లోపలికి పిలిచింది. కళ్లజోడు, నెరిసిన జుట్టు, మర్యాదైన మనిషి. నేను ఎక్కడ చదివిందీ, ఎవరు నేర్పిందీ అడిగింది. అన్నిటికీ బాగానే చెప్పాను. తర్వాత ఒక పిల్లను పిలిపించి ఎదురుగా నిలబెట్టింది. బల్ల మీద గుడ్డ, కత్తెర, సుద్ద, టేపు ఉన్నాయి.

"ఈ అమ్మాయికి జాకెట్టు కత్తిరించి చూపించండి" అంది.

గుడ్డ తీసుకున్నాను. నాలుగు మడతలు వేశాను. అంచు సరిచూశాను. సుద్ద పట్టుకుని, తలెత్తి, చాలా మామూలుగా అడిగాను.

"ఆది ఇస్తారా అమ్మా?"

ఆవిడకు మొదట అర్థం కాలేదు. "ఆదా? పిల్ల నిలబడి ఉందిగా" అంది.

ఆ పిల్ల చేతులు కాస్త దూరంగా పెట్టుకుని, కొలత కోసం ఎదురుచూస్తూ నిలబడే ఉంది. అప్పుడు చూశాను దాన్ని. నా మొహంలోకి నెత్తురంతా ఎగజిమ్మింది. టేపు తీసుకుని దగ్గరికి పోయాను. మెత్తటి, వెచ్చటి, ఊపిరి పీలుస్తున్న ఒళ్లు. ఎక్కడ మొదలుపెట్టాలో తోచలేదు. భుజం మీద పెట్టిన టేపు జారింది. మళ్లీ పెట్టాను. ఎంత వదులు ఉంచుతారని ఆవిడ అడిగితే, "రెండు వేళ్లు" అన్నాను. "ఎవరి వేళ్లు?" అంది ఆవిడ. ఎగతాళి చేయలేదు, అడగాలి కాబట్టి అడిగింది. పిల్ల మాత్రం పెదవి బిగబట్టుకుని నవ్వాపుకుంది.

కత్తిరించాను. ఏదో ఒకలా అయింది. ఆవిడ గుడ్డ ఎత్తి చూసి, "మీ చెయ్యి చక్కని చెయ్యేనమ్మా. కానీ మాకు కావలసింది నేర్పే మనిషి" అంది. గుమ్మం దాకా వచ్చి సాగనంపింది. ఒకప్పుడు నేను నేర్చుకున్నది నా దగ్గర్నుంచి ఎవరూ దొంగిలించలేదు. ఇంట్లో కూర్చుని రోజూ కుట్టీ కుట్టీ, కుడుతుండగానే పోగొట్టుకున్నాను. ఆ బాధ ఎవరికి చెప్పుకోవాలో తెలియలేదు.

అమ్మగారు ఆ రాత్రికి గూడూరులో చుట్టాలింట్లో ఉండిపోవాలి. నన్ను ఆడవాళ్ల పెట్టెలో ఎక్కించి, "దిగులుపడకు, దేవుని చిత్తం" అని పోయింది. పెళ్లయ్యాక రైల్లో ఒంటరిగా కూర్చోవడం అదే మొదలు. నాయుడుపేట దాటింది. దొరవారిసత్రం వచ్చింది. రైలు ఆగింది. సంచీ ఒళ్లో పెట్టుకుని లేవబోయాను. మా అరుగు మీద ఇద్దరో ముగ్గురో కూర్చుని ఉంటారని తెలుసు. "రేపిస్తాది" అని మా అత్త చెప్పిన "రేపు" ఆ రోజే. లేవలేదు. కాళ్లు రాలేదని చెప్పను, నేనే లేవలేదు. రైలు కదిలింది.

సూళ్లూరుపేటలో దిగాను. నా టికెట్టు దొరవారిసత్రం దాకానే, ఎవరైనా అడుగుతారేమోనని కొంగు తలమీదికి లాక్కుని నడిచాను. ఎవరూ అడగలేదు. ప్లాట్‌ఫారం చివర బల్ల మీద కూర్చున్నాను. మద్రాసు బండికి ఎక్కించే చేపల గంపలు వరసగా పెట్టి ఉన్నాయి, నీళ్లు కారుతున్నాయి. కాఫీ అమ్మేవాడు వచ్చి, "ఎక్కడికమ్మా?" అనడిగాడు. "మద్రాసుకి" అన్నాను. అలా ఎందుకన్నానో! నోటికి తియ్యగా అనిపించింది. కాఫీ తాగాను. నా పక్కన ఒక ముసలమ్మ చింతకాయలు గీరుకుంటూ కూర్చుంది. ఆమె తొడుక్కున్న రవిక ఎవరు కుట్టారో నాకు తెలియదు. ఎవరూ నా పేరు పిలవలేదు, ఎవరూ నా కోసం చూడలేదు. నేనెక్కడున్నానో ఈ లోకంలో ఒక్క మనిషికి కూడా తెలియని కాసేపు అది. ఏడుద్దామనుకున్నాను గానీ ఏడుపు రాలేదు. హాయిగా ఉంది. ఆ హాయి చూస్తే భయమేసింది. గూడూరు వైపు పోయే బండి వస్తుందనగానే పోయి టికెట్టు కొనుక్కున్నాను.

ఇల్లు చేరేసరికి దీపాలు పెట్టారు. అరుగు మీద ఇద్దరు ఆడవాళ్లు కూర్చునే ఉన్నారు. పాప పరిగెత్తుకొచ్చి కాళ్లకు చుట్టుకుంది. ఉద్యోగం రాలేదని చెప్పాను. మా ఆయన, "పోనీలే, ఆ రైళ్లలో తిరగలేవు నువ్వు" అన్నాడు. ఆయన మొహంలో దిగులు కోసం చూశాను, కాస్తయినా కనబడలేదు. మా అత్త నోటితో అయ్యో అన్నది గానీ, అప్పటికే నా సంచీ అందుకుని, నాకు మంచినీళ్లు పెట్టి, అరుగు మీదివాళ్లతో, "చెప్పినా గదా, వచ్చేస్తాదని" అంటున్నది. ఆవిడ గొంతులో అంత కులాసా నేనెప్పుడూ వినలేదు.

"ఇంతసేపైందేంది?" అని అడిగాడు మా ఆయన.

"రైలు ఆలస్యమైంది" అన్నాను.

అందరూ నమ్మేశారు. అనుమానించడానికి నేనంతకుముందు ఎప్పుడైనా ఎక్కడికైనా పోయుంటే గదా.